ఉన్నారు గానీ లేరు

కిందటి వేసవిలో మా తమ్ముడి కూతురు హైదరాబాదు నుంచి తెనాలి వచ్చింది. వచ్చిన రోజే కొత్తావకాయ కలిపాం. రెండో ముద్ద నోట్లో పెట్టుకుని, "పెద్దనాన్నా, ఐయామ్ అబ్సెస్డ్ విత్ దిస్" అంది. నాలుగో ముద్దకి "టోటల్లీ అడిక్టెడ్" అంది. మా ఆవిడ నెయ్యి గిన్నె అటు జరుపుతూ "ఏమంటోంది?" అని నన్నడిగింది. "బాగుందంటోంది" అన్నాను. ముప్ఫై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, నా అనువాదం అంతవరకే వచ్చింది.

భోజనమయ్యాక నడుం వాల్చబుద్ధి కాలేదు. డిక్షనరీ దించాను.

అబ్సెస్ అనే మాటకి లాటిన్‌లో మూలార్థం ఎదురుగా కూర్చోవడం. కాలు మీద కాలేసుకుని కూర్చోవడం కాదు, కోట ముందు సైన్యంతో తిష్ఠ వేయడం. 1687లో ఔరంగజేబు గోల్కొండ ముందు ఎనిమిది నెలలు కూర్చున్నాడే, అదీ. ఇంగ్లీషులో కూడా తొలిరోజుల్లో ఈ మాటని ముట్టడికే వాడారు. ఆ తర్వాత అది దయ్యాలు వదిలించేవాళ్ళ చేతికి పోయింది. దయ్యం లోపల దూరితే పొసెషన్, బయటే ఉండి వేధిస్తే అబ్సెషన్. ఈ తేడా మన ఊళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పూనడం వేరు, గాలి సోకడం వేరు. మొత్తానికి మా పిల్లని ఆవకాయ ముట్టడించిందన్నమాట. గోల్కొండలో లాగే ఇక్కడా తలుపు లోపలివాళ్ళే తీశారు.

అడిక్ట్ కథ ఇంకా ఘోరం. క్రీస్తుకు పూర్వం 450 ప్రాంతంలో రోమన్లు రాసుకున్న పన్నెండు పట్టికల చట్టం ప్రకారం, అప్పు తీర్చలేనివాణ్ణి న్యాయాధికారి అప్పిచ్చినవాడికి అప్పగించేవాడు. వాడు ఇతన్ని అరవై రోజులు సంకెళ్ళేసి ఇంట్లో ఉంచుకోవచ్చు. అలా అప్పగింత పడ్డవాడి పేరు అడిక్టస్. ఇవాళ కాఫీకి అడిక్ట్, ఫోనుకి అడిక్ట్, ఎవరిదో ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కి అడిక్ట్ అని నవ్వుతూ చెప్పుకుంటున్నవాళ్ళంతా, తెలియకుండానే, కాళ్ళకి సంకెళ్ళున్న ఆ మనిషి పేరు పెట్టుకుంటున్నారు.

మరీ విడ్డూరంగా ఏమీ అనిపించలేదు నాకు. మనమూ అప్పుకీ ప్రేమకీ ఒకటే కొలత వాడతాం, పీకల్లోతు. మోకాల్లోతు ప్రేమలో ఉన్నానని ఎవరూ అనగా నేను వినలేదు. అప్పయితే మోకాలి దగ్గరున్నప్పుడు ఎవరూ చెప్పుకోరు.

ఎంగ్రాస్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. నవల చాలా ఎంగ్రాసింగ్‌గా ఉందని క్లాసులో ఎన్నిసార్లు రాయించి ఉంటానో. దాని అసలు అర్థం టోకున కొనడం! సంతకొచ్చిన ధాన్యమంతా ఒక్కడే కొనేసి, గోదాములో దాచి, ధర పెరిగాక అమ్ముకోవడం. ఇంగ్లండులో అది నేరం. 1552లో దాని మీద ప్రత్యేకంగా చట్టం చేసి, 1772లో రద్దు చేశారు. కిరాణా కొట్టువాణ్ణి గ్రోసర్ అంటారే, ఆ మాటా ఇదే ఇంటిది. మొదట్లో గ్రోసర్ అంటే టోకు వర్తకుడు. అంటే మంచి నవల మీ మనసులో ఉన్న సరుకంతా బేరమాడకుండా కొనేసి తాళం వేసుకుంటుంది. వంటకి లేదు, పిల్లలకి లేదు, కరెంటు బిల్లుకి అసలే లేదు. మన 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద కొందరు రచయితల మీద కేసు పెట్టొచ్చు. కొందరి మీద ఎంత ప్రయత్నించినా నిలబడదు.

ముట్టడి, సంకెళ్ళు, గోదాము. వీటికి తోడు గాలం ఎలాగూ ఉంది, హుక్డ్ అంటే గాలానికి చిక్కడమే. రాప్ట్ అంటే లాటిన్‌లో లాక్కుపోబడినవాడు. కోడిపిల్లల్ని తన్నుకుపోయే డేగకీ, అదే తల్లివేరు నుంచి రాప్టర్ అని పేరు. ఇవన్నీ చూశాక నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఇంగ్లీషువాడి మనసుని ఎప్పుడూ ఎవడో వచ్చి ఎత్తుకుపోతాడు, మనం మాత్రం మనసారా ఇచ్చేస్తాం అని. కళ్ళప్పగించి చూస్తాం, చెవులప్పగించి వింటాం. రోములో న్యాయాధికారి చేసిన అప్పగింత మన దగ్గర మనమే చేసుకుంటాం, పెళ్ళిలో అమ్మాయి తల్లిదండ్రుల్లాగా. మై అంటే ఒళ్ళు, దాన్ని మరిచిపోతే మైమరపు. చూస్తున్నది తానే అయిపోతే తన్మయం. ఎంత తేడా!

ఆ గొప్ప ఆలోచన సాయంత్రం కాఫీ దాకా నిలబడింది. కాఫీ తాగుతూ పరవశం గుర్తొచ్చింది. పరుల వశం కావడమే కదా అది. అదీ అప్పగింతే, అదీ జప్తే. క్రికెట్ పిచ్చి పట్టింది అంటాం. పట్టిందే గానీ మనం పట్టుకున్నామని ఎక్కడా అనం. పేకాట వాణ్ణి వదల్లేదు అంటాం. అటువైపు ఇంగ్లీషువాడికీ లాస్ట్ ఉంది, తనంతట తను దారి తప్పినవాడు. కాబట్టి జాతుల స్వభావం గురించి నేను రాయబోయిన వ్యాసం రాయలేదు. మంచిదే అయింది.

ఇమ్మర్స్ అన్న మాట చూసినప్పుడల్లా నాకు ఒక కుర్రాడు గుర్తొస్తాడు. "హి ఈజ్ ఇమ్మర్స్డ్ ఇన్ హిస్ స్టడీస్" అని బోర్డు మీద రాస్తే, వెనక బెంచీ నుంచి లేచి, "సార్, ఇమ్మర్షనంటే నిమజ్జనం కదండీ, ఇంక పైకి రాడుగా?" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. వాడికి ఆ మాట తెలిసింది రెండే చోట్ల: హుస్సేన్‌సాగర్ ఒడ్డున క్రేనుకి వేలాడే ఖైరతాబాద్ వినాయకుడు, హాస్టల్లో బకెట్‌లో పెట్టి నీళ్ళు కాచుకునే రాడ్డు. నేనూ నవ్వాను గానీ వాడు వేలు పెట్టిన చోటు సరైనదే. నిమజ్జనం, నిమగ్నం రెండూ ఒకే ధాతువు బిడ్డలు, మునగడం అని అర్థం. చదువులో నిమగ్నమైనవాడు కూడా వినాయకుడి దారిలోనే ఉన్నాడు. పరీక్ష రోజుకి తేలాలి, అంతే.

ఆ పిల్లల్ని ఎక్కువ ఏడిపించింది మాత్రం మాటలు కాదు, వాటి తోకలు. అబ్జార్బ్డ్ ఇన్, అడిక్టెడ్ టు, అబ్సెస్డ్ విత్, హుక్డ్ ఆన్. ఎందుకు సార్ అంటే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు, బట్టీ పట్టండి అనేవాణ్ణి. తెలుగులో మునగడానికీ లీనం కావడానికీ 'లో' ఒక్కటీ చాలు కదా అనే వాళ్ళ బాధ న్యాయమైనదే.

ఈమధ్య మరో మాట వచ్చింది, ఫ్లో. హంగేరీ మూలాలున్న మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి 1990లో ఆ పేరుతోనే పుస్తకం రాశాడు. చిత్రకారుల్నీ, కొండలెక్కేవాళ్ళనీ, చదరంగం ఆడేవాళ్ళనీ పనిలో మునిగినప్పుడు ఎలా ఉంటుందని అడిగితే, ఏటి వాలు తీసుకుపోతున్నట్టుంటుందని పలువురు చెప్పారట. ఆ మాట మనవాళ్ళ చేతిలో పడింది. ఇప్పుడు పక్కింటావిడతో తగాదా అయ్యాక "ఏదో ఫ్లోలో అనేశాన్లెండి" అంటున్నాం.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు, తన్మయం లాంటి పెద్ద మాటలు వాడేది కాదు. నాన్నకి డిటెక్టివ్ నవలల పిచ్చి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలొకటి అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చుకున్నారంటే, మర్నాటికి తిరిగివ్వకపోతే ఇంకో రోజు అద్దె పడుతుంది. అందుకని వాలుకుర్చీలో పడుకుని వదలకుండా చదివేవారు. ఒకరోజు ఆయన స్నేహితుడొకాయన గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, మాస్టారున్నారా?" అన్నారు. వాలుకుర్చీ ఆయనకి ఎదురుగానే ఉంది. అమ్మ ఒకసారి అటు చూసి, "ఉన్నారు గానీ లేరండీ, కూర్చోండి" అంది. ఆయన కూర్చున్నారు, కాఫీ తాగారు, పేపరు చూశారు, వెళ్ళొస్తానమ్మా అని వెళ్ళిపోయారు. చీకటి పడ్డాక నాన్న పుస్తకం మూసి, బల్ల మీద గ్లాసు చూసి, "ఎవరన్నా వచ్చారా?" అనడిగారు.

"మీరు రానిచ్చారు కాదు" అంది అమ్మ.