రెండు రకాల జుట్టుతో రెండేళ్ళు

తల మీద కనిపించే వెంట్రుకకు ప్రాణం లేదు. ప్రాణమంతా కుదురులోనే. చర్మం దాటి బయటికి వచ్చాక అది గట్టిపడిన కెరటిన్ పోగు మాత్రమే. చేతికి గాయమైతే మానుతుంది, కొస చీలిన వెంట్రుక మాత్రం మళ్ళీ అతుక్కోదు. రీబాండింగ్, బ్లీచ్, రోజువారీ స్ట్రెయిటెనర్ వల్ల పాడైన జుట్టును వదిలించుకుని సొంత జుట్టు పెంచుకోవాలనుకునేవారు ముందుగా ఒప్పుకోవలసిన సంగతి ఇదే. ‘రిపేర్’ అని రాసుకున్న సీసాలు చాలావరకు చేసేది పైపూత పని. నాలుగు తలస్నానాలకు ఆ పూత కరిగిపోతుంది, కింద ఉన్నది ఉన్నట్టే బయటపడుతుంది. ఇక మిగిలేది ఒకటే దారి: కింది నుంచి కత్తిరించుకుంటూ పోవడం, పైనుంచి వచ్చేదాన్ని పాడుచేసుకోకుండా ఉండడం.

దీనికి పట్టే కాలం ఎవరి చేతిలోనూ లేదు. జుట్టు నెలకు ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువగా, ఏడాదికి సుమారు 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. భుజాలు తాకాలంటే రెండేళ్ళు, నడుము దాకా జడ రావాలంటే నాలుగైదేళ్ళు. నూనె మర్దనా హాయిగానే ఉంటుంది గానీ ఈ లెక్కను మార్చదు.

ఒక పొడవాటి వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కుదురు వైపు నుంచి కొస వైపుకు లాగితే నున్నగా జారుతుంది. కొస నుంచి కుదురు వైపుకు లాగితే వేళ్ళకు గరుకు తెలుస్తుంది. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా, వెంట్రుక మీద సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి, కొస వైపుకు వాలి ఉండడమే ఇందుకు కారణం. ఈ పొలుసుల పొరే క్యూటికల్. దాని ఉపరితలాన పుట్టుకతోనే ఒక పలుచని కొవ్వు పొర అంటిపెట్టుకుని ఉంటుంది. వెంట్రుకకు నునుపునిచ్చేదీ, నీటిని తొందరగా పీల్చుకోనివ్వనిదీ ఆ పొరే. బ్లీచ్ మొదట దాన్నే లాగేస్తుంది. ఒకసారి పోయాక ఆ వెంట్రుకకు అది మళ్ళీ రాదు. బ్లీచ్ చేసిన జుట్టు తడవగానే ముద్దయిపోయి చిక్కుపడేది ఇందుకే.

రీబాండింగ్ ఇంకా లోపలికి పోతుంది. కెరటిన్ పోగులను పట్టి ఉంచే డైసల్ఫైడ్ బంధాలను థయోగ్లైకొలేట్ అనే మందుతో తెంచి, వేడి ఇనుముతో జుట్టును సాపు చేసి, ఆ సాపు రూపంలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మళ్ళీ కట్టేస్తారు. తెగిన బంధాలన్నీ తిరిగి కలవవు. కలవనివి బలహీనతగా మిగిలిపోతాయి. కెరటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో చేసేవాటిలో కొన్ని వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ ఆవిరిని వదులుతాయి. చేయించుకునేవారి కళ్ళు మండేది దానివల్లే. ఆ రసాయనం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. రోజంతా ఆ గాలే పీల్చే పార్లర్ అమ్మాయిల సంగతి ఎవరూ అడగరు.

ఈ మందులన్నీ మానేసిన నాలుగో నెలకో అయిదో నెలకో అసలు పరీక్ష మొదలవుతుంది. కుదుళ్ళ దగ్గర అయిదారు సెంటీమీటర్ల ఉంగరాల జుట్టు, దాని కింద గడ్డిపోచల్లాంటి సాపు జుట్టు. రెండూ కలిసే చోటే వెంట్రుక తేలిగ్గా తెగేది, దువ్వెన పట్టేది కూడా అక్కడే. అద్దంలో ఏ జుట్టూ కుదురుగా కనిపించని ఈ నెలల్లోనే చాలామంది మళ్ళీ పార్లర్ మెట్లెక్కి టచప్ చేయించుకుంటారు. అంతటితో లెక్క మొదటికి వస్తుంది. ఈ నెలలకు జడే మంచి మందు. వదులుగా అల్లిన జడలో రెండు రకాల జుట్టూ కలిసిపోతుంది, రాపిడీ తగ్గుతుంది. బిగించి లాగి అల్లితే మాత్రం నుదుటి దగ్గర కుదుళ్ళే దెబ్బతింటాయి. కొసలు మరీ పలుచబడితే పెళ్ళికో పేరంటానికో సవరం ఉండనే ఉంది, బరువైనది కాకుండా చూసుకుంటే చాలు.

తలస్నానం దగ్గర అతి ఎక్కువ. సబ్బు క్షారగుణం గలది. దానికి వెంట్రుక ఉబ్బి పొలుసులు పైకి లేస్తాయి. బోరు నీళ్ళలోని కాల్షియంతో కలిసి సబ్బు తెల్లని తెట్టు కూడా కడుతుంది. షాంపూ ఈ రెండు విషయాల్లోనూ నయం. సల్ఫేట్ షాంపూ అంటే పాపం అన్నట్టు మాట్లాడడం అనవసరం. మాడుకు మాత్రమే రాసి, కొసలకు జారే నురగతో సరిపెట్టుకుంటే ఏ మామూలు షాంపూ అయినా సరిపోతుంది. కుంకుడు రసానిది స్వల్ప ఆమ్లగుణం. చితక్కొట్టి గింజలు తీసి, వేడినీళ్ళలో నానబెట్టి పిసికితే వచ్చే నురగ సపోనిన్లది. అయితే కుంకుడు జిడ్డును గట్టిగానే లాగుతుంది, కాబట్టి పలుచగా కలుపుకోవాలి. బాగా వడకట్టుకోవాలి కూడా. పిప్పి జుట్టులో ఇరుక్కుంటే దాన్ని తీయబోయి తెంచుకునే వెంట్రుకలే ఎక్కువ. కళ్ళు మండితే నోట్లో ఉప్పు కల్లు వేసుకోమనే పాత చిట్కా పిల్లల ఏడుపు ఆపడానికి పనికొచ్చేది, మంటకు మందు మాత్రం మంచినీళ్ళే.

కండిషనర్‌ను దండగ ఖర్చు అనుకోవడం పొరపాటు. పాడైన వెంట్రుక మీద రుణావేశం ఎక్కువ. కండిషనర్‌లోని ధనావేశపు అణువులు వెతుక్కున్నట్టు సరిగ్గా అక్కడికే పోయి అంటుకుంటాయి. అది వైద్యం కాదు, దువ్వెన జారడానికి సాయం. దువ్వెన జారితే వెంట్రుక తెగదు, ఈ రెండేళ్ళూ కావలసింది అంతే.

నూనె విషయంలో అమ్మమ్మల మాట సగం నిజం. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్నది, నిటారైనది కాబట్టి వెంట్రుక లోపలికి చొరబడగలదు. కొబ్బరినూనె రాసిన జుట్టులోంచి ప్రోటీన్ తక్కువగా పోతుందనీ, మినరల్ ఆయిల్‌కూ పొద్దుతిరుగుడు నూనెకూ ఆ గుణం లేదనీ 2003లో అచ్చయిన ఒక భారతీయ పరిశోధన చూపింది. తలంటుకు ముందు రాత్రి కొసలకు పట్టిస్తే చాలు. చుండ్రు ఉన్న మాడుకు వారాల తరబడి నూనె పట్టించి ఉంచడం మంచిది కాదు. చుండ్రుకు కారణమైన మలసేజియా శిలీంధ్రానికి కొవ్వే ఆహారం.

తడి వెంట్రుక ఎక్కువ సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. అందుకే తలారబెట్టుకుంటూ తువ్వాలుతో టపటపా కొట్టుకునే అలవాటు ముందు మానాలి. పాత నూలు చీర ముక్కతో అద్దుకోవడం మేలు. చిక్కు తీయడం కొసల దగ్గర మొదలుపెట్టి, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొద్దికొద్దిగా పైకి పోవాలి. నెత్తి మీద నుంచి ఒక్క దువ్వు దువ్వితే చిక్కులన్నీ కిందికి జారి ముడిపడి, జుట్టు కలిసే ఆ బలహీనమైన చోటే తెంపుతాయి. డ్రయ్యర్ వాడక తప్పకపోతే 15 సెంటీమీటర్ల దూరంలో కదుపుతూ పట్టుకోవాలి. స్ట్రెయిటెనర్‌ను తడి జుట్టు మీద పెడితే వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది, ఆ బుడగల దగ్గరే అది విరుగుతుంది.

దువ్వెనకు అంటిన వెంట్రుకలను ఒకసారి వెలుతురులో పెట్టి చూడాలి. ఒక చివర చిన్న తెల్లని బొడిపె ఉంటే అది కుదురుతో సహా ఊడినది. రోజుకు 50 నుంచి 100 దాకా అలా రాలడం మామూలే. బొడిపె లేకుండా పొట్టిగా ఉంటే అది మధ్యలో తెగినది. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ తెగేదానికే. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకో, కాన్పు తర్వాతో, రక్తహీనత వల్లనో, థైరాయిడ్ వల్లనో పిడికిళ్ళకొద్దీ ఊడేదానికి షాంపూ మార్చి లాభం లేదు, చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళాలి.

కత్తిరింపు ఎవరి ఓపికను బట్టి వాళ్ళది. రెండు మూడు నెలలకోసారి రెండేసి సెంటీమీటర్లు తీయించుకుంటూ పోయేవారున్నారు. అమెరికా నల్లజాతి స్త్రీలలో రసాయనాలు వదిలినవారు చాలామంది ఒక్కసారిగా కత్తిరించుకుని పొట్టి జుట్టుతో మొదలుపెడతారు. తెలుగువాళ్ళకు ఇంతకన్నా పెద్ద వెసులుబాటే ఉంది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చిన స్త్రీని ‘ఎందుకు గుండు?’ అని ఎవరూ నిలదీయరు. మొక్కూ తీరుతుంది, రెండేళ్ళ తంటా ఒక్కరోజుతో పోతుంది.

ఎలా కత్తిరించినా, చివరి సాపు కొస పోయాక మిగిలిన జుట్టు అనుకున్నదానికన్నా పొట్టిగా కనబడుతుంది. ఉంగరాల జుట్టు ఆరేకొద్దీ పైకి ముడుచుకుంటుంది కనుక, పొడవు కొలవాలంటే తడిగా ఉన్నప్పుడే కొలవాలి. అది చిన్నప్పటి ఫోటోల్లోని జుట్టే అయి ఉండాలనీ లేదు. వయసుతో, కాన్పులతో, హార్మోన్లతో ఉంగరం బిగుస్తుంది లేదా సడలుతుంది, నెరుపూ మొదలవుతుంది. వచ్చినదాని తీరు చూసి దువ్వెననూ నూనెనూ మళ్ళీ ఎంచుకోవాలి.