మెత్తటి నీళ్లు

జలపాతాల ఫొటోలు చూసేవాళ్లకి ఆ తెల్లటి పట్టులాంటి నీళ్లు బాగా పరిచయమే. ఒక్క చుక్కా విడిగా కనిపించదు. రాళ్ల మీద పాలు ఒంపినట్టు ఉంటుంది. చాలామంది ఇదంతా ఎడిటింగ్ మాయ అనుకుంటారు గానీ, కాదు. షటర్ కాసేపు తెరిచి ఉంచితే, ఆ కాసేపట్లో దూకిన నీళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని తెర అవుతాయి. రాయి కదలదు కాబట్టి రాయిలాగే మిగులుతుంది.

చిక్కల్లా వెలుతురుతోనే. మంచి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/16 పెట్టుకున్నా షటర్‌ని సెకనులో 125వ వంతుకి మించి తెరిచామంటే ఫొటో తెల్లగా పోతుంది. అందుకే లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ అనే నల్లద్దం బిగిస్తాం. పది స్టాపుల ఫిల్టర్ వెలుతుర్ని సుమారు వెయ్యో వంతుకి తగ్గిస్తుంది. అప్పుడు అదే ఎండలో ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచొచ్చు. ఫోకస్ మాత్రం ఫిల్టర్ బిగించక ముందే చేసుకోవాలి, తర్వాత అంతా చీకటే. ట్రైపాడ్ కదలకూడదు. వేలితో బటన్ నొక్కినా అదురుతుంది కాబట్టి టైమర్ పెట్టుకుంటాం.

ఆదిలాబాద్ జిల్లా కుంటాల దగ్గర, వానలు తెరిపిచ్చిన ఒక రోజు అలాంటి ఫొటో ఒకటి తీశాను. కడెం నది అక్కడ మెట్లు మెట్లుగా ఉన్న బండల మీంచి దూకుతుంది. పక్కనున్న మనిషి మాట వినపడనంత హోరు. పైకొచ్చాక మక్కకంకులు కాలుస్తున్న అవ్వకి కెమెరా స్క్రీన్ చూపించాను. చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉంది బిడ్డా. గని గిది మా వాగు కాదు. దీనికి సప్పుడేది?" అంది. కంకి తిప్పుతూ మళ్లీ తనే, "గింత మెత్తగ కనవడితే పోరగాండ్లు దిగరా మరి?" అంది.

దిగుతారు. ఆ బండల నాచు మీద జారి, కింది గుండాల్లో పడి పోయినవాళ్లు ఉన్నారు. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు.

అలాగని వేగంగా తీస్తే నిజం వచ్చేస్తుందా? సెకనులో 2000వ వంతులో నీళ్లు గాజుముక్కల్లా గాల్లో ఆగిపోతాయి. అలా కూడా ఏ కన్నూ చూడలేదు. 1957లో హెరాల్డ్ ఎడ్గర్టన్ తీసిన పాలచుక్క ఫొటోలో, పడ్డ చుక్క చుట్టూ కిరీటం లేస్తుంది. అది జరిగిందే, కానీ ఫ్లాష్ వెలిగిన ఆ క్షణం లేకపోతే మనకి తెలిసేది కాదు. రెండూ కెమెరా చూపులే. మన చూపు ఆ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంది.

తేడా ఏమిటంటే, ఎక్కువసేపు తెరిచిన షటర్ నిలబడ్డవాళ్లనే గుర్తుపెట్టుకుంటుంది. 1838లో డాగేర్ పారిస్‌లో ఒక రద్దీ వీధిని ఫొటో తీస్తే నడిచేవాళ్లూ, బళ్లూ అన్నీ మాయమైపోయాయి. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. కుంటాలలో నా ఎనిమిది సెకన్లలోనూ అంతే. బండల మీద అటూ ఇటూ తిరుగుతున్న కుర్రాళ్లు లేరు. నీటి విసురు లేదు. అంటే భయపడాల్సినవన్నీ చెరిగిపోయి, చూడముచ్చటైనవే మిగిలాయి.

చెరువు మీద సాయంత్రం వెలుగుని పట్టడానికి ఇప్పటికీ నల్లద్దం బిగిస్తాను. వాగు దగ్గర మాత్రం అయిదు స్టాపుల ఫిల్టర్‌తో, పావు సెకను దగ్గర ఆగుతున్నాను. నీళ్లు పోగులు పోగులుగా వస్తాయి, రాయిని కొట్టి ఎగిరినచోట తుంపరలు కనిపిస్తాయి. ఆ రోజు కుంటాలలో అలాంటిదీ ఒకటి తీశాను. రెండు ఫొటోలూ స్నేహితులకి పంపితే, మొదటిది చూసి ఒకడు "అక్కడ స్నానం చెయ్యొచ్చా?" అని అడిగాడు. రెండోది చూసినవాడు "అంత వరదలో ఎందుకెళ్లావురా?" అన్నాడు. రెండింటికీ మధ్య పది నిమిషాలే తేడా.