ఆ చేతులకు గ్లౌజులేవి?

మిర్చి మీద రాయమని సంపాదకుడు పంపితే, భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు ఒక కల్లానికి వెళ్లాను. ధరలూ కోల్డ్ స్టోరేజీలూ అంటూ రైతు చెప్పుకుపోతున్నాడు. నా కళ్లు తాలుకాయలు ఏరుతున్న ఒక కోయ ఆడకూతురి చేతుల మీదే ఉండిపోయాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి కోతకు వచ్చిందట. గోళ్ల చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బింది. చీర ఉయ్యాలలో బిడ్డ గుక్కపెట్టినా తను లేవలేదు, అత్త వచ్చి ఎత్తుకుంది.

"ఈ చేతుల్తో ముట్టుకుంటే ఇంకింత ఏడుస్తడు సారూ. రాత్రి ఉడుకునీళ్లు తగిల్తే నిప్పుల్ల పెట్టినట్టే. సూదేయించుకున్నా తగ్గలే."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నొప్పిని పసిగట్టే నరాల కొసల్లో అయాన్ ఛానళ్లనే అతి సన్నని ద్వారాలుంటాయి. వాటిలో టీఆర్‌పీవీ1 మామూలుగా 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది. మిర్చిలోని క్యాప్సైసిన్ దాన్నే తెరుస్తుంది, పైగా ఆ హద్దును కిందికి దించేస్తుంది. అందుకే గోరువెచ్చని నీళ్లు కూడా కాలుస్తాయి. వాపులో పుట్టే బ్రాడికైనిన్, ప్రోస్టాగ్లాండిన్లు చేసేదీ ఇదే. ఊళ్లలో వేసే డైక్లోఫెనాక్ సూది ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తుంది గానీ చర్మానికి పట్టిన క్యాప్సైసిన్‌ను ఏమీ చేయలేదు.

1997లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం ఈ ఛానల్‌ను కనిపెట్టింది క్యాప్సైసిన్ ఆధారంగానే. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ ఛానల్‌ను మూసే మాత్రలు చేసి చూస్తే, వేసుకున్నవాళ్లకు ఒళ్లు జ్వరం వచ్చినట్టు కాగింది, వేడి తగిలినా సరిగా తెలియలేదు. వేరే దారిలో, నొప్పి నరాల్లోని ఒక సోడియం ఛానల్‌ను అడ్డుకునే సుజెట్రిజిన్ అనే మందుకు 2025 జనవరిలో అమెరికా అనుమతి దొరికింది. అంతకు చాలా ముందే, 2009లో, 8 శాతం క్యాప్సైసిన్ పట్టీకి అనుమతి ఇచ్చారు. అక్కి తగ్గాక మిగిలే నరాల నొప్పికి అది వాడతారు. ఎక్కువ మోతాదు క్యాప్సైసిన్‌తో నరాల కొసలు కొన్ని నెలలపాటు మొద్దుబారతాయి.

నా కోపమంతా ఈ పట్టీ దగ్గరే. గంటసేపు ఉంచే ఆ పట్టీని వేసే నర్సు నైట్రైల్ గ్లౌజులు తొడుక్కోవాలి, మామూలు రబ్బరువి పనికిరావని సూచనల్లోనే ఉంటుంది. తర్వాత చర్మం తుడవడానికి జెల్ కూడా దాంతోపాటే ఇస్తారు. ఇక్కడేమో ఘాటుకు పేరుపడ్డ తేజ కాయను పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా వట్టి చేతులతో కోస్తున్నారు. "గ్లౌజులేస్తే కోత సాగదండీ" అన్నాడు రైతు. ఒక్క జతైనా తెచ్చి చూశారా అని అడిగితే మాట్లాడలేదు. కల్లంలో సబ్బుముక్క కూడా లేదు.

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు నూనె రుద్ది, ఆపైన సబ్బుతో కడుక్కోవాలి. మనిషికి సరిపడా నైట్రైల్ గ్లౌజులు, కల్లానికో నూనె సీసా, సబ్బు. ఈ ఖర్చు రైతు ఒక్కడి నెత్తినే వేయడం న్యాయం కాదు. ఖమ్మం మార్కెట్‌లో తేజ కొనే వ్యాపారులూ, మార్కెట్ కమిటీ పెద్దలూ, వచ్చే కోత మొదలయ్యేలోపు ఈ మూడూ కల్లాలకు చేర్చండి.