పాత తుపాకి బేరము

గృహిణులు ఇత్తడి బిందెను కొనునప్పుడు వ్రేలితో కొట్టి నాదము విందురు. బంగారమును గీటురాతిపై గీయించి చూతురు. పట్టుచీర కొంగును వెలుతురునకు పట్టి పరికింతురు. పాత యుద్ధపు తుపాకి యింటికి వచ్చునప్పుడు మాత్రము "అది మగవారి వ్యవహారము" అని ఊరకుందురు. గోడకెక్కు వస్తువేదైనను, దాని క్రింద ఆడుకొనువారు మన బిడ్డలే. కావున ఈ పరీక్షయు మనము నేర్వదగినదే.

మా కాపురము మేడ్చలులో. నాగపూరు బాటపై మా యూరు, కరీంనగరము బాటపై శామీరుపేట. దక్షిణమున బొల్లారము, తిరుమలగిరి, 1806లో ఏర్పడిన సికిందరాబాదు దండు. అందుచే ఈ ప్రాంతపు పాత యిండ్లలో సిపాయిల నాటి సామగ్రి కనబడుట వింత గాదు. పొలములు ప్లాట్లై, పెంకుటిండ్లు నేలమట్టమగుచున్న యీ దినములలో అటకలమీది వస్తువులు అమ్మకమునకు వచ్చుచున్నవి.

శామీరుపేట చెరువునకు దాపునగల పల్లెలో ఒక వృద్ధురాలు తమ తుపాకిని అమ్మదలచినారని విని, మావారును మేమును పోతిమి. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ల నాయకత్వమున హైదరాబాదు రెసిడెన్సీపై జరిగిన దాడిలో అది పేలినదని ఆ యింటి ప్రతీతి. "మా అత్త చెప్పింది బిడ్డా, ఆమెకు ఆమె అత్త చెప్పింది" అనిరి. లక్ష రూపాయలు అడిగిరి. ఆ సొమ్ము మనుమరాలి చదువునకట.

మొదటి పరీక్ష ధర కొరకు గాదు, ప్రాణము కొరకు. ఇట్టి తుపాకులలో మందును గుండును మూతినుండియే కూరుదురు. కూరి కాల్చక మరచినవి తరతరములు అట్లే యుండవచ్చును. తడి తగలని నల్లమందు ఎన్నేండ్లకైనను అంటుకొనును. మూతిని మనుష్యుల వైపు త్రిప్పక, సన్నని కొయ్యపుల్లను లోనికి మెల్లగా జార్చి, అది ఆగినప్పుడు మూతియొద్ద గుర్తు పెట్టితిమి. ఆ పుల్లనే గొట్టమునకు వెలుపల ఆనించగా, మందుటోపీ తొడుగు మొనవరకు వచ్చినది. లోపల ఏమియు లేదన్నమాట. పుల్ల పొట్టిపడినచో తుపాకిని ముట్టక పోలీసువారికి తెలుపవలెను.

రెండవది గుర్తుల పరీక్ష. సుత్తి నమర్చిన ఇనుప పలకపై కిరీటము, విక్టోరియా రాణిని తెలుపు వి.ఆర్. అక్షరములు, 1862 అను సంవత్సరము కనబడెను. పలకను తరువాత మార్చిరేమోయని కొయ్యతోడి అతుకు చూచితిమి, అది చెదరలేదు. రాణి 1901లో గతించినది గనుక, అంతకు పిమ్మటి సంవత్సరము ఆమె అక్షరములతో నున్నను, అక్షరములు తిరగబడి యున్నను, ఖైబరు కనుమ ప్రాంతపు కమ్మరుల నకలని అనుమానింపవలెను.

మూడవది గొట్టము. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకికి 39 అంగుళముల గొట్టము, మూడు ఇనుప పట్టీలు, లోపల మెలిదిరిగిన మూడు గాడులు ఉండును. దాని తూటాల కొవ్వే 1857 తిరుగుబాటును రగిల్చినది. ఇక్కడ పొడవును పట్టీలును సరిపోయెను గాని, దీపము పట్టి చూడగా గాడులు లేవు. మావారు లోపమనిరి. కాని తిరుగుబాటు పిమ్మట ఆంగ్ల ప్రభుత్వము దేశీయ సిపాయిలకు గురి తప్పు నునుపు గొట్టముల తుపాకులనే చేయించి యిచ్చెను. ఆ నునుపులో ఒక ప్రభుత్వపు అపనమ్మకమున్నది. అరిగిన గొట్టమా, అట్లే చేసినదా యన్నది తెలిసినవారు కొలిచి చెప్పవలెను.

ఇత్తడివలె చింతపండుతో తోమరాదు. తోమినచో గుర్తులును, వయస్సు తెచ్చిన రంగును, వాటితో విలువయు పోవును.

ఇక చట్టము. 1959 నాటి ఆయుధ చట్టపు 45వ సెక్షను, మరమ్మతు చేసినను పేలని పురాతన ఆయుధములకు మినహాయింపు నిచ్చుచున్నది. పేలునో పేలదో తేల్చుట అమ్మువారి పని గాదు, అధికారులది. నూరేండ్లు దాటిన వస్తువును, 1972 నాటి పురావస్తువుల చట్టము ననుసరించి, అమెరికాలోని బంధువులకు కానుకగా పంపుటకును వీలులేదు.

వృద్ధురాలికి సంవత్సరము చదివి వినిపించితిమి. చాలసేపు మాటలాడలేదు. "అయితే మా అత్త అబద్ధమాడిందా?" అనిరి.

"లేదమ్మా, ఆమె విన్నదే చెప్పినది. ఇది ఆ దాడి చూడలేదు, దాని పిమ్మటి భయమును చూచినది" అంటిమి.

పోలీసువారు పరీక్షించి, పనికిరానిదని వ్రాసియిచ్చిన పిమ్మట, ఆమెయే నిర్ణయించిన 60 వేలకు కొంటిమి. తుపాకి క్రింద సంవత్సరము వ్రాసిన కాగితము నంటించెదమని చెప్పగా, ఆమె "మా అత్త పేరు కూడ రాయి బిడ్డా, ఇన్నేండ్లు తుడిచి దాచింది ఆమెనే" అనిరి. వ్రాసితిమి.