పాదు పెరిగింది... పూత రాలేదు!

ఆగస్టు నెల. అమెరికా, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్. ఓ ఇంటి వెనక కంచె మొత్తాన్ని చిక్కుడు పాదు కమ్మేసింది. అరచేయంత ఆకులు. పక్కింటివాళ్ల గోడ మీదికి పాకుతున్న తీగలు. చూసినవాళ్లంతా 'అబ్బ, ఏం పెంచారండీ!' అంటున్నారు. పాదు పెట్టిన పెద్దావిడ మాత్రం పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి, ఒక్కో తీగా ఎత్తి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోతున్నారు.

ఒక్కటంటే ఒక్క పూగుత్తి లేదు.

ఆవిడది అమలాపురం దగ్గర లంక గ్రామం. గోదారి ఏటా ఒండ్రు తెచ్చిపోసే నేల. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి నలభై ఏళ్లుగా ఇంట్లోకి కూరగాయలు కొన్న రోజులు తక్కువ. ఏ పాదు ఏ కార్తెలో పెట్టాలో, పిందె రాలితే ఏం చేయాలో ఊళ్లో సగంమంది ఆవిణ్నే అడుగుతారు. అలాంటి మనిషి కొడుకు దగ్గరకి ఆర్నెల్లు ఉండటానికి ఏప్రిల్ చివర్లో వచ్చారు. కొడుకూ కోడలూ పొద్దున పోతే సాయంత్రానికి గానీ రారు. పిల్లలు మాట్లాడే ఇంగ్లిషు అర్థం కాదు. టీవీ ఎంతసేపని చూస్తారు? 'అమ్మకి తోచుబాటుగా ఉంటుంద'ని కొడుకు పెరడు తవ్వించి ఇచ్చాడు. అతనికి అది కాలక్షేపం. ఆవిడకి అలా కాదు. ఈ దేశం వచ్చాక తనకి తెలిసిన పని అదొక్కటే మిగిలింది మరి.

అందుకే ఊరినుంచి తోటికోడలు ఫోన్ చేసి 'చిక్కుడు కాసిందా అక్కా?' అంటే, 'ఆ... బాగానే కాస్తోందే' అనేశారు. చెప్పాక ఆ రాత్రి నిద్రపట్టలేదు.

సలహాలకేం కరవు! గుడిలో కలిసిన ఒకావిడ ఎప్సమ్ సాల్ట్ వేయమన్నారు. ఇంకొకాయన పుల్లమజ్జిగ పోయమన్నాడు. దుకాణంలో కుర్రాడు నీలంరంగు ఎరువు పొడి చేతిలో పెట్టాడు. అది వేసిన వారానికి పాదు రెట్టింపయింది, ఆకులతో. నత్రజని ఎక్కువైతే ఆకు తప్ప పూత రాదని ఆవిడకి తెలియంది కాదు. తెలిసీ వేశారు. ఏదో ఒకటి చేయాలి కదా అని. ఊళ్లో ఉన్న భర్తయితే రోజూ ఒకటే మాట... 'నీళ్లు ఆపెయ్యవే, వాడితే అదే పూస్తుంది'. లంకలో అయితే నిజమే. ఇక్కడ నీళ్లు ఆపితే ఆకులు పండాయి. అంతే!

ఈ సలహాలన్నిటిలో ఉన్న లోపం ఒకటే. చెప్పినవాళ్లెవరూ ఏమీ అడగలేదు.

ఒక శనివారం కోడలు ఆవిణ్ని ఊళ్లోని లైబ్రరీకి తీసుకెళ్లింది. అక్కడ ఓ బల్ల వేసుకుని నెరిసిన జుట్టు అమెరికావిడ కూర్చుని ఉంది. రిటైరైన టీచరు. తోటపని మీద సందేహాలు తీర్చే స్వచ్ఛంద సేవకురాలు. 'మాస్టర్ గార్డెనర్' అంటారు వీళ్లని. పేరు ఘనంగా ఉన్నా జీతం లేని పని. అమెరికాలో 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చాక విశ్వవిద్యాలయాల్లోని వ్యవసాయ పరిజ్ఞానాన్ని జనం దగ్గరకి చేర్చే విస్తరణ విభాగాలు బలపడ్డాయి. మన వ్యవసాయాధికారి లాంటివాళ్లు ప్రతి కౌంటీలోనూ ఉంటారన్నమాట. రైతులకన్నా ఇంటి పెరడువాళ్ల ప్రశ్నలే ఎక్కువైపోతుంటే, 1972లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఉపాయం కనిపెట్టారు. ఆసక్తి ఉన్నవాళ్లకి శిక్షణ ఇవ్వడం, బదులుగా వాళ్లు కొన్ని గంటలు జనానికి సలహాలివ్వడం. అదే తర్వాత దేశమంతా పాకింది. న్యూజెర్సీలో ఆ పని రట్గర్స్ విశ్వవిద్యాలయం చూస్తుంది. 1934లో 'రట్గర్స్' అనే టొమాటో రకాన్ని ఇచ్చింది కూడా వీళ్లే.

ఫోన్లో చిక్కుడు పాదు ఫొటో చూడగానే ఆ టీచరమ్మ నవ్వింది. 'మేం దీన్ని పూలకోసం పెంచుతాం. కూర వండుకుంటారని తెలీదు' అంది. అత్తగారి మొహంలో నమ్మకం సగం పోయింది. కూర వండటం కూడా తెలియని మనిషి ఏం చెబుతుంది!

కానీ ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. విత్తనం ఎక్కడిది? మీ ఊళ్లో ఏ నెలలో పెడతారు? ఏ నెలలో పూస్తుంది? ఇక్కడ ఎప్పుడు పెట్టారు? కోడలు అనువాదం చేస్తుంటే పెద్దావిడ వేళ్లు లెక్కపెట్టి చెప్పారు. 'ఆషాఢం, శ్రావణాల్లో పెడతాం. దీపావళి దాటాక పూత. సంక్రాంతికి బుట్టలకొద్దీ కాయ. రథసప్తమికి ఆ కాయల్తోనే సూర్యుడికి రథం కడతాం కదా'. రథం సంగతి కోడలు వివరంగా చెప్పాల్సి వచ్చింది. చిక్కుడుకాయల్ని పుల్లలతో గుచ్చి రథం చేయడం, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం చూపడం... ఆ టీచరమ్మ అన్నీ రాసుకుంది. చివరికి 'నాకు జవాబు తెలీదు. కనుక్కుని ఫోన్ చేస్తాను' అంది.

ఎవరైనా 'నాకు తెలీదు' అనడం ఆ ఎండాకాలంలో అదే మొదటిసారి.

మూడోరోజు ఫోన్ వచ్చింది. తప్పు నీళ్లదీ కాదు, ఎరువుదీ కాదు. పొద్దుది!

చిక్కుడులో మన పాత రకాలు చాలావరకు పగలు తగ్గితేనే పూస్తాయి. రాత్రి ఎంతసేపుందో ఆకులు లెక్కపెట్టుకుంటాయి. చీకటి ఒక హద్దు దాటితేనే పూమొగ్గకి సంకేతం వెళుతుంది. అమలాపురం భూమధ్యరేఖకి పదహారున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడ ఏడాదిలో అతి పెద్ద పగలు పదమూడు గంటలకి కాస్త అటూ ఇటూ. ఎడిసన్ నలభై డిగ్రీల పైన. జూన్‌లో పగలే పదిహేను గంటలు. సాయంత్రం ఎనిమిదిన్నరకీ వెలుతురే. పాదు దృష్టిలో ఇంకా పూత కాలం రానేలేదు. సెప్టెంబరు చివరికి పగలూ రాత్రీ సమానమవుతాయి. అప్పుడు పూస్తుంది. కానీ అక్టోబరు మధ్య నుంచి ఏ రాత్రయినా మంచు గడ్డకట్టి పాదు మాడిపోవచ్చు. మధ్యలో ఉన్నది మూడు నాలుగు వారాలు.

విత్తనాల ప్యాకెట్ల మీద వాతావరణ మండలాల అంకెలు వేస్తారు. ఎడిసన్‌ది ఏడో మండలం. ఆ అంకె చెప్పేది చలికాలంలో ఉష్ణోగ్రత ఎంత కిందికి పడిపోతుందన్నది ఒక్కటే. పగలు ఎంత పొడవో చెప్పదు.

గోదావరి జనానికి పరాయి నేల కొత్తేం కాదు. కోరంగి రేవునుంచి ఓడలెక్కి బర్మా వెళ్లారు, మారిషస్ వెళ్లారు. రంగూన్‌లో మనవాళ్లని 'కోరంగీలు' అనే పిలిచేవారు. అయితే రంగూన్ ఉన్నది ఇంచుమించు అమలాపురం అక్షాంశం మీదే. మూటలో చిక్కుడు గింజలు పట్టుకెళ్లినవాళ్లకి అక్కడా సంక్రాంతి నాటికి కాయ దొరికే ఉంటుంది. మారిషస్‌లో రుతువులు తలకిందులు, కానీ పగటి పొడవులో తేడా తక్కువే. భాష మారింది, దొర మారాడు, సూర్యుడు మాత్రం అంతగా మారలేదు. సూర్యుడి లెక్కే తప్పే చోటికి కుటుంబాలతో తరలివెళ్లింది ఈ తరాలవాళ్లే.

ఫోన్లో ఇదంతా విన్నాక పెద్దావిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'మరి గోంగూర ఇరగబడి వస్తోందేం?' అని అడిగారు. మంచి ప్రశ్న! గోంగూరదీ అదే స్వభావం. పగలు తగ్గితేనే పూస్తుంది. కాకపోతే దాంతో మనకి కావలసింది ఆకు. పొడుగు పగళ్లలో పూత ధ్యాస లేకుండా ఆకే వేస్తూపోతుంది. ఒకే సూత్రం, ఓ మొక్కకి శాపం, ఓ మొక్కకి వరం. విత్తనం ముదిరేలోపే చలి వచ్చేస్తుంది కాబట్టి గింజలు మాత్రం ఏటా కొనుక్కోవాలి.

అక్కణ్నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది. టీచరమ్మ ఓరోజు ఇంటికే వచ్చింది. వచ్చీరాగానే ఇల్లు ఎప్పుడు కట్టారని అడిగింది. 1978కి ముందు కట్టిన ఇళ్ల గోడలకి సీసం కలిసిన రంగులు వేసేవారట. ఆ పెచ్చులు రాలి గోడవార మట్టిలో కలిసి ఉంటాయి. ఆకుకూరలు గోడవార వేయకూడదు. ఆ ఇల్లు అంతకన్నా పాతది. గోంగూర మడి సరిగ్గా గోడకి ఆనుకునే ఉంది! మట్టి మూటకట్టి రట్గర్స్ ప్రయోగశాలకి పంపి, ఫలితం వచ్చేదాకా గోంగూర కోయలేదు. బాగానే ఉందని కాగితం వచ్చిన రోజున పచ్చడి రోలు లేక మిక్సీలోనే అయింది.

అయితే నేర్పడం ఒకవైపునుంచే జరగలేదు. ఆనప పాదుకి పిందెలు రాలిపోతుంటే, గుమ్మడిలాగే పొద్దున్నే చేత్తో పుప్పొడి అద్దమని టీచరమ్మ చెప్పింది. పెద్దావిడ తల అడ్డంగా ఊపారు. 'గుమ్మడి తెల్లారి విచ్చుకుంటుంది. ఆనప సాయంత్రం విచ్చుకుంటుందమ్మా. పొద్దున అద్దితే ఏం లాభం?' అన్నారు. ఆ సాయంత్రం మగపువ్వు తుంచి, కింద బుల్లి పిందె ఉన్న ఆడపువ్వుకి రాసి చూపించారు. టీచరమ్మ పుస్తకం తీసి రాసుకుంది. ఎనిమిది ఆనపకాయలు నిలిచాయి. ఒకటి ఆమె ఇంటికే వెళ్లింది.

వచ్చే ఏటి సంగతి కూడా అప్పుడే తేలింది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన 'అర్క జయ్', 'అర్క విజయ్' పొట్టి చిక్కుళ్లకి పగటి పొడవుతో పనిలేదు. కాకపోతే గింజలు చీర మడతల్లో పెట్టి తెచ్చే అలవాటు మానాలి. అనుమతి తీసుకుని, విమానాశ్రయంలో చెప్పి మరీ తేవాలి. కరివేపాకు కొమ్మయితే అసలు ముట్టుకోకూడదు. నిమ్మజాతి చెట్లని చంపే తెగులు మోసే పురుగు దానిమీదా బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు కుదేలయ్యాయి.

సెప్టెంబరు నెలాఖరున పాదు పూసింది. ఊదారంగు గుత్తులు. పెద్దావిడ తోటికోడలికి ఫోన్ చేశారు. 'అప్పుడు అబద్ధం చెప్పానే. ఇప్పుడు పూసింది' అన్నారు. అటునుంచి నవ్వు. 'నాకు తెల్సులే అక్కా. కాస్తే నువ్వే ముందు ఫోన్ చేసి చెప్పవూ!'

అక్టోబరు మూడోవారంలో తిరుగు ప్రయాణం. బయల్దేరే నాటికి దక్కినవి ఓ గుప్పెడు లేతకాయలు. అల్లం పచ్చిమిర్చి దంచి వేసి కూర చేశారు. మనిషికి రెండు ముద్దల్లోకి వచ్చింది. పాదు మీద ఇంకా పిందెలున్నాయి. చలి రాత్రుళ్లు పాత దుప్పటి కప్పి, పొద్దెక్కగానే తీసేయమని టీచరమ్మ చెప్పిన మాట కోడలికి పదిసార్లు అప్పజెప్పి విమానమెక్కారు.

మధురపూడి విమానాశ్రయంలో దిగేసరికి సాయంత్రం. కారు రాజమండ్రి దాటి కడియపులంక వచ్చేసరికి చీకటి పడింది. రోడ్డు పక్క నర్సరీల్లో మొక్కల మీద వరసలు వరసలుగా బల్బులు వెలుగుతున్నాయి. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నవే. ఏ పెళ్లికో, ఉత్సవానికో అనుకునేవారు. ఈసారి కారు ఆపించారు.

'ఆ దీపాలెందుకు బాబూ?'

'చామంతికండీ. రాత్రి పెద్దదైందని తెలిస్తే మొక్క ఎదక్కుండానే పూసేస్తదండీ. ఇంకా పొద్దుందని దాన్ని మోసం చేస్తన్నామండీ ఆయ్' అన్నాడు కాపలా కుర్రాడు.

ఆవిడ నవ్వడం మొదలుపెడితే ఓ పట్టాన ఆగలేదు. పక్కనున్న భర్త కంగారుపడ్డాడు. 'ఏమైందే?'

'ఇంటికెళ్లాక చెబుతాను. ముందు కోడలికి ఫోన్ కలపండి. అక్కడ పొద్దెక్కిపోయుంటుంది, దుప్పటి తీసిందో లేదో!'