తినమని చెప్పే ధర్మం

2024లోనూ 2025లోనూ వరంగల్‌లో దసరా జరిగిన రోజే ఇజ్రాయెల్‌లో యూదుల యోమ్ కిప్పుర్ వచ్చింది. ఒకసారి అక్టోబర్ 12, మరోసారి అక్టోబర్ 2. యూదులదీ చంద్రుణ్ణి బట్టి నడిచే పంచాంగమే, అధికమాసం కలుపుకునే పంచాంగమే. మనకు ఆశ్వయుజ శుద్ధ దశమి అయితే వాళ్ళకు తిష్రీ నెల పదో రోజు. అధికమాసాల లెక్క కలవని ఏడు, 2023లో లాగా, రెంటికీ నెల ఎడం వస్తుంది. కలిసిన ఏడు మాత్రం మా హన్మకొండలో జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ చెప్పుకుంటున్న వేళ, ఇక్కడ ఊరికి ఊరే పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉంటుంది.

ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి ఇజ్రాయెల్‌కు వచ్చి ముసలివాళ్ళను, మంచాన పడ్డవాళ్ళను చూసుకునే కేర్‌గివర్లు చాలామందే ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. ఒక ఇంట్లో ఇరవైనాలుగు గంటలూ ఉండి, వాళ్ళ తిండి, మందులు, నిద్ర, ప్రార్థన అన్నీ దగ్గర నుంచి చూసేవాళ్ళకు ఆ మతంలోని లోపలి గదులు కూడా కొంచెం కొంచెంగా తెరుచుకుంటాయి. అట్లా నేను చూసిన ఒక విషయం మా వరంగల్ అమ్మలక్కలందరికీ చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది.

యోమ్ కిప్పుర్ అంటే ఏడాది పాపాలకు ప్రాయశ్చిత్తం చేసుకునే రోజు. సూర్యుడు కుంగక ముందు మొదలై, మర్నాడు చుక్కలు పొడిచేదాకా, సుమారు 25 గంటల ఉపవాసం. అన్నం లేదు, నీళ్ళు లేవు, స్నానం లేదు, ఒంటికి నూనె లేదు, కాలికి తోలు చెప్పు లేదు. విమానాశ్రయం మూస్తారు. బస్సులు ఆగుతాయి. రేడియో, టీవీ మూగబోతాయి. బండ్లు లేని పెద్ద రోడ్ల మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. ఏడాదంతా గుడి మొహం చూడనివాళ్ళు కూడా చాలామంది ఆ ఒక్కరోజు నోరు కట్టుకుంటారు. ఆడపిల్లలకు పన్నెండేళ్ళు, మగపిల్లలకు పదమూడేళ్ళు నిండినప్పటి నుంచి ఈ ఉపవాసం విధి.

నేను చూసుకునే పెద్దావిడ మొరాకోలో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చింది. సవ్తా, అంటే అమ్మమ్మ, అని పిలుస్తాను. ఎనభై దాటాయి. రోజూ ఇన్సులిన్, బలహీనపడ్డ మూత్రపిండాలు, గుండెకు మందులు. ఉపవాసం వద్దని డాక్టర్ తేల్చి చెప్పింది. సవ్తా వినలేదు. పన్నెండో ఏట పట్టిన ఉపవాసం ఒక్క ఏడూ తప్పలేదని, ఇప్పుడు చావుకు దగ్గరపడి దేవుణ్ణి ఎట్లా మోసం చేస్తానని గట్టిగా పట్టుబట్టింది.

ఆమె కొడుకు తల్లితో వాదించలేదు. పండుగ ఇంకా వారం ఉండగానే తమ ప్రార్థనా మందిరం రబ్బీని, అంటే మతగురువును, ఇంటికి పిలిచాడు. ఆయన వస్తూనే ధర్మం చెప్పలేదు. ముందు డాక్టర్‌కు ఫోన్ చేసి ఇన్సులిన్ ఎన్నిసార్లు, నీళ్ళు తాగకపోతే మూత్రపిండాలకు ఏమవుతుంది, ప్రాణానికి ముప్పు ఎంత అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని సవ్తా ఎదురుగా కూర్చున్నాడు.

"ఈ ఏడు దేవుడు మిమ్మల్ని తినమంటున్నాడమ్మా. ఇన్నేళ్ళు ఆయన మాట విని తినకుండా ఉన్నారు. ఇప్పుడు అదే మాట విని తినాలి" అన్నాడు.

"మరి నా ప్రాయశ్చిత్తం?" అంది సవ్తా. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరు తాగే ప్రతి గుక్కా ప్రార్థనే" అన్నాడాయన.

ఇది ఆ రబ్బీ మంచితనం కొద్దీ అన్నది మాత్రమే అనుకున్నాను మొదట. తర్వాత ఆ ఇంటివాళ్ళు పుస్తకాలు తీసి వివరించారు. ప్రాణం కాపాడటం కోసం దాదాపు ప్రతి ఆజ్ఞనూ పక్కన పెట్టాలన్నది యూదు ధర్మంలో పునాది రాయి. పికుఆఖ్ నెఫెష్ అంటారు. దేవుడి ఆజ్ఞలు మనిషి బతకడానికి ఇచ్చినవి, చావడానికి కావు అన్నది దాని ఆధారం. సుమారు క్రీ.శ. 200 నాటి మిష్నా అనే ధర్మగ్రంథంలో ఉపవాసం రోజు రోగికి ఎట్లా తినిపించాలో, గర్భిణికి ప్రాణం లాగితే ఏం చేయాలో రాసి ఉంది. తర్వాతి ధర్మగ్రంథాల్లో బాలింతకు మొదటి మూడు రోజులు ఉపవాసమే లేదు.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసినది తాల్ముద్ అనే ధర్మగ్రంథంలోని ఒక చర్చ. రోగి "నాకు తిండి కావాలి" అంటే, డాక్టర్ అక్కర్లేదన్నా రోగి మాటే వినాలి. ఎదురుగా వందమంది వైద్యులున్నా అంతే. అదే రోగి "నాకు వద్దు" అని, డాక్టర్ కావాలంటే, అప్పుడు డాక్టర్ మాట వినాలి. ఎందుకంటే జబ్బు మనిషి తెలివిని కమ్మేయవచ్చు. షుగర్ రోగులను చూసేవాళ్ళకు ఈ ముక్క ఎంత నిజమో తెలుసు. రక్తంలో చక్కెర బాగా పడిపోతే ముందు దెబ్బతినేది మెదడే. మనిషి తికమకపడుతూనే "నాకేం కాలేదు" అంటుంటాడు. చాలాఏళ్ళ షుగర్ ఉన్నవాళ్ళకు చెమటలు, వణుకు లాంటి ముందు గుర్తులు కూడా కనిపించకపోవచ్చు. చక్కెర కొలిచే యంత్రం లేని కాలంలోనే ఆ పెద్దలు ఈ సంగతి పట్టుకున్నారు.

తినడానికి కూడా ఒక పద్ధతి ఉంది. పెద్ద ఖర్జూరమంత తిండి, బుగ్గ నిండేంత నీళ్ళు ఒక్కసారిగా తీసుకుంటే ఉపవాసం భంగమైనట్టు. అందుకని రోగికి సరిపోతుందంటే, అంతకంటే తక్కువ, అంటే 30 మిల్లీలీటర్లకు మించకుండా, తొమ్మిది నిమిషాలకోసారి ఇస్తారు. లెక్క వేస్తే గంటకు ఒక గ్లాసు, సుమారు 200 మిల్లీలీటర్లు. అది చాలని రోగికి మామూలుగానే తినిపిస్తారు, ఆలోచించాల్సిన పని లేదు. సవ్తాకు ఏది తగునో డాక్టర్, రబ్బీ కలిసి నిర్ణయించారు. ఇన్సులిన్ మోతాదు డాక్టర్ మార్చింది.

ఆ రోజు ఆ చిన్న గ్లాసు నేను అందిస్తానన్నాను. నేను యూదురాలిని కాను, నాకు ఉపవాసం లేదు. కొడుకు ఒప్పుకోలేదు. పన్నెండో శతాబ్దంలో ఈజిప్టులో వైద్యుడిగా, ధర్మవేత్తగా బతికిన మైమోనిడెస్, ప్రాణాపాయంలో నియమం పక్కన పెట్టే పనిని పరాయివాళ్ళకో పిల్లలకో అప్పగించకూడదని, పెద్దలు, పండితులే ముందుకొచ్చి చేయాలని రాశాడట. లేకపోతే చూసినవాళ్ళకు అది తప్పుపని అనిపిస్తుంది. నేను గడియారం చూసి చెబుతుంటే, తాను నోట్లో చుక్కనీరు లేకుండా ఉన్న ఆ కొడుకే తల్లికి గ్లాసు అందించాడు.

యూదులు ఇట్లాంటి కథలు తరతరాలుగా చెప్పుకుంటారు. 1848లో ఐరోపాలోని విల్నా నగరంలో కలరా చెలరేగినప్పుడు యోమ్ కిప్పుర్ రోజు జనాన్ని తినమని రబ్బీ ఇజ్రాయెల్ సలాంతెర్ చెప్పాడు. జనం జంకుతుంటే ఆయనే అందరి ముందూ తిన్నాడని అంటారు. బ్రిస్క్ ఊరి రబ్బీ హయీమ్ సొలవైచిక్ రోగులకు చాలా సులువుగా తినే అనుమతి ఇచ్చేవాడు. ఉపవాసం విషయంలో మీరింత మెత్తగా ఉంటారేమని అడిగితే, తాను మెత్తగా లేనని, ప్రాణం కాపాడే విషయంలో కఠినంగా ఉన్నానని ఆయన జవాబు.

ఇదంతా చూస్తున్నంతసేపూ నా మనసు మా అమ్మ చుట్టూనే తిరిగింది. శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి, కార్తీక సోమవారాలు. శివరాత్రికి వేయిస్తంభాల గుడిలో దర్శనం, రాత్రంతా జాగారం. ఆమెకు షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. ఒక శివరాత్రి నాడు గోలీ మాత్రం అలవాటుగా వేసుకుని, ఏమీ తినకుండా ఉంటే సాయంత్రానికి చెమటలు పట్టి కుప్పకూలింది. పక్కింటామె బెల్లం నీళ్ళు తాగించింది కాబట్టి సరిపోయింది. తేరుకున్నాక అమ్మ మొదట అన్న మాట: "అయ్యో, ఒక్కపొద్దు చెడిపాయె గద బిడ్డా."

అమ్మకు డాక్టర్లు చెప్పలేదని కాదు. చెప్పారు. మేమూ చెప్పాం. కానీ డాక్టర్ మాట ఒంటికి సంబంధించింది, మొక్కు దేవుడికి సంబంధించింది అని ఆమె లెక్క. దేవుడి తరఫున "తిను" అని చెప్పే నోరు ఆమెకు ఎదురుకాలేదు.

మన ధర్మంలో ఆ మాట లేక కాదు. నీళ్ళు, కందమూలాలు, పండ్లు, పాలు, గురువు మాట, ఔషధం వ్రతాన్ని చెడగొట్టవని మన శాస్త్రాలే చెప్పాయి. కాజీపేట దర్గా దిక్కు మా ముస్లిం ఇరుగుపొరుగుకు ఖురాన్‌లోనే దారి ఉంది: రోగి, ప్రయాణికుడు రోజా ఆపి తర్వాత పూర్తి చేసుకోవచ్చు. ఎప్పటికీ ఉండలేనివాళ్ళు రోజుకొక పేదవాడికి అన్నం పెట్టవచ్చు. మూడు మతాలూ ఒక్క మాటే చెబుతున్నాయి. ఆ మాటను ఇల్లిల్లూ తిరిగి చెప్పే మనుషులు యూదుల దగ్గర నాకు కనిపించారు. మన దగ్గర చాలా ఇళ్ళల్లో ఆ బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది.

సవ్తా ఇంట్లో చూసింది అమ్మకు ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెప్పాను. తర్వాత మా వాడకట్టు గుడి అయ్యగారితో మాట్లాడమని తమ్ముడికి చెప్పాను. అయ్యగారు అమ్మను పిలిచి, "శివయ్యకు నీ నోములు చేరినయమ్మా. ఇగ పాలు, పండ్లు వేళకు తీసుకో, గోలీ మానకు. నేను చెప్తున్న" అన్నారు. అమ్మ మారుమాట్లాడలేదు. ఇప్పుడు డాక్టర్ చెప్పినట్టు వేళకింత తిని, దీపం పెట్టుకుని, జాగారం బదులు పది గంటలకు పడుకుంటుంది.

అందుకే మా ఊరివాళ్ళను నేను కోరేది ఇది. ఉపవాసం రేపనగా కాదు, వారం ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు వాడేవాళ్ళు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు అడగకుండా ఒక్కపొద్దు పట్టవద్దు. మందు ఆపాలా, తగ్గించాలా అన్నది మీ అంతట మీరు తేల్చుకోవద్దు. చక్కెర 70కి దిగితే ఎంత పుణ్యదినమైనా ఆ క్షణమే తినాలి. పూజారులకు, ముల్లాలకు, పాస్టర్లకు నా విన్నపం ఒకటే: పండుగకు ముందు మీ మాటల్లో ఉపవాస మహిమతో పాటు ఎవరు తినాలో కూడా చెప్పండి. వినేవాళ్ళలో మా అమ్మలాంటివాళ్ళు ఎంతోమంది ఉంటారు. కన్నబిడ్డలు వందసార్లు చెప్పినా కదలని ఆ తల్లులు మీరు ఒక్కసారి చెబితే తింటారు.