రెండు ఇబ్రహీంపట్నాలు, ఒకే ఆకాశం

మా ఊరికి రావాలంటే ఒక ఇబ్రహీంపట్నం దాటాలి. నేను ఉద్యోగం చేసే హైదరాబాద్ నుంచి జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి వెళ్లాలన్నా ఒక ఇబ్రహీంపట్నం దాటాలి. మొదటిది విజయవాడ పక్కన, రెండోది రంగారెడ్డి జిల్లాలో నాగార్జునసాగర్ రోడ్డు మీద. మధ్యలో రెండొందల కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది. ఈ రెండు ఊళ్లకీ పేరు కాకుండా ఇంకో పోలిక కూడా ఉంది. రెండింటి వెలుగూ పక్కనున్న చీకటిని కొంచెం కొంచెంగా తినేస్తోంది.

మాది జి.కొండూరు వైపు. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే హైవే ఎక్కితే ఇబ్రహీంపట్నం రింగు, థర్మల్ పవర్ స్టేషన్ చిమ్నీలు, కొండపల్లి ఖిల్లా కొండలు, ఆ తర్వాత మేం. ఇంకా ముందుకెళ్తే మైలవరం. బుడమేరు మీద వెలగలేరు రెగ్యులేటర్ మా మండలంలోనిదే. 2024 సెప్టెంబర్ వరదలప్పుడు ఆ పేరు టీవీలో అందరూ వినే ఉంటారు. మార్కెట్లో నూజివీడు మామిడి అంటారుగానీ, ఆ పేరు మీద అమ్ముడయ్యే కాయల్లో మా వైపు తోటలవీ బోలెడు. బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, మేం కలెక్టర్ కాయ అని పిలిచే తోతాపురి... సీజన్‌లో రాత్రిళ్లు నున్న మార్కెట్ వైపు లారీలు బారులు కడతాయి.

ఐదిళ్లకు ఒక స్ప్రేయర్

టెలిస్కోప్ గురించి చెప్తానని స్ప్రేయర్ దగ్గర మొదలెడుతున్నానేంటి అనుకోకండి. కారణం ఉంది.

మా పెదనాన్నా, చుట్టుపక్కల తోటలవాళ్లూ కలిసి ఐదిళ్లకు ఒక పవర్ స్ప్రేయర్ కొన్నారు. ఏడాదిలో చాలా నెలలు అది షెడ్డులో గోనెపట్టా కింద పడుకుంటుంది. పూత వచ్చాక తేనెమంచు పురుగు కనిపించిందంటే మాత్రం అందరికీ అదే వారంలో కావాలి. అందుకే షెడ్డు గోడకి మేకు కొట్టి ఒక నోటుబుక్కు వేలాడదీశారు. ఎవరు ఏ రోజు తీసుకెళ్లారు, ఎన్ని గంటలు నడిపారు, ఏం పాడైంది అన్నీ అందులో రాయాలి. పని అయ్యాక మంచినీళ్లు పోసి పది నిమిషాలు ఖాళీగా నడపాలి. లేకపోతే మందు ఎండిపోయి నాజిల్ మూసుకుపోతుంది. ఆ నష్టం పాడుచేసినవాడికి కాదు, మర్నాడు వంతు ఉన్నవాడికి.

పరిశోధన టెలిస్కోప్‌ల కథ కూడా అచ్చం ఇంతే. పది మంది సొమ్ముతో వచ్చిన ఒక యంత్రాన్ని వంద మంది వాడుకోవాలి. అందరికీ అమావాస్య చుట్టుపక్కల రాత్రులే కావాలి, అదీ మబ్బులేని చలికాలంలోనే. కాబట్టి ఎవరికి ఏ రాత్రి ఇవ్వాలో తేల్చడానికి ఒక కమిటీ ఉంటుంది. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున, మన దేశానికి 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. ఏడాదిని మూడు భాగాలు చేసి, ఏ నక్షత్రాన్ని ఎందుకు చూడాలో శాస్త్రవేత్తల నుంచి ప్రతిపాదనలు తీసుకుని రాత్రులు పంచుతారు. ఎక్కడైనా అకస్మాత్తుగా ఒక నక్షత్రం పేలిందనుకోండి, వంతు ఉన్నవాళ్లు కాసేపు ఆగి టెలిస్కోప్‌ని అటు తిప్పనివ్వాలి. పక్క తోటలో పురుగు ఉధృతమైతే మా వంతు వాళ్లకి ఇచ్చేస్తాం చూడండి, అలాగన్నమాట.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి నచ్చే విషయం ఇంకొకటుంది. హాన్లే టెలిస్కోప్‌ని నడిపేవాళ్లు హాన్లేలో కూర్చోవాల్సిన పని లేదు. బెంగళూరు దగ్గర హోసకోటేలో కంట్రోల్ రూమ్ ఉంది. శాటిలైట్ లింక్ మీద అక్కడి నుంచే గుమ్మటం తెరుస్తారు, టెలిస్కోప్ తిప్పుతారు, ఫొటోలు తీస్తారు. అలాగని కొండ మీద మనుషులు అక్కర్లేదని కాదు. కెమెరాని చల్లగా ఉంచే ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత సున్నాకి 196 డిగ్రీల కింద ఉంటుంది. దాన్ని నింపడం, మంచు పడితే చూసుకోవడం, కరెంటు సరఫరా కాపాడడం అక్కడున్న సిబ్బంది పనే. రిమోట్ ఏదైనా సరే, అవతలి కొసన ఒక మనిషి చెయ్యి ఉంటుంది.

బేగంపేట నుంచి జాపాల్‌కి

మన తెలుగు నేల మీద ఈ కథ చాలా పాతది. నిజాం కాలంలో నవాబ్ జఫర్ జంగ్ అనే ప్రభువుకు ఆకాశం పిచ్చి. ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి, 1901లో హైదరాబాద్‌లో అబ్జర్వేటరీ మొదలుపెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ.

ఆ రోజుల్లో ప్రపంచమంతా కలిసి ఒక పెద్ద పని పెట్టుకుంది. ఆకాశాన్ని పట్టీలుగా విడగొట్టి, సుమారు ఇరవై అబ్జర్వేటరీలు తలా ఒక పట్టీ ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా చెయ్యాలి. 1887లో పారిస్‌లో నిర్ణయించిన పని ఇది. చిలీలోని శాంటియాగో వాళ్లు చెయ్యలేకపోయిన పట్టీ హైదరాబాద్‌కి వచ్చింది. 8 అంగుళాల ఫొటో టెలిస్కోప్‌తో గాజు పలకల మీద ఫొటోలు తీయడం, వాటి మీద ఒక్కో చుక్క స్థానాన్ని కొలిచి రాయడం... కంప్యూటర్ లేని కాలం. చాట్‌వుడ్, పోకాక్, టి.పి.భాస్కరన్ అనే ముగ్గురు డైరెక్టర్ల కాలాల్లో ఆ పని సాగింది. లక్షల నక్షత్రాల లెక్క మన హైదరాబాద్ నుంచే వెళ్లింది. అబ్జర్వేటరీ 1919లో ఉస్మానియా యూనివర్సిటీ చేతికొచ్చింది.

తర్వాత నగరం పెరిగింది. బేగంపేటలో చీకటి కరువైంది. అప్పటి డైరెక్టర్ అక్బర్ అలీ, ఊరికి దూరంగా పెద్ద టెలిస్కోప్ పెట్టాలని ప్రయత్నం మొదలెట్టారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫెకర్ కంపెనీ తయారుచేసిన 48 అంగుళాల టెలిస్కోప్ అలా వచ్చింది. కె.డి.అభ్యంకర్ హయాంలో, 1968లో, హైదరాబాద్‌కి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో జాపాల్, రంగాపూర్ అనే రెండు ఊళ్ల మధ్య దాన్ని నిలబెట్టారు. 48 అంగుళాలంటే ఎంతో తెలుసా? చీకట్లో బాగా విచ్చుకున్న మన కంటిపాపతో పోలిస్తే దాదాపు 30 వేల రెట్ల వెలుతురు పోగేసే అద్దం.

దాంతో ఎక్కువగా చేసిన పని, జంట నక్షత్రాల వెలుగు కొలవడం. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు నక్షత్రాల్లో ఒకటి రెండోదానికి అడ్డొచ్చినప్పుడు వెలుగు కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గడాన్ని రాత్రంతా కొలిస్తే వాటి సైజులు పోల్చి చూడొచ్చు. పక్కనే స్థిరంగా వెలిగే ఇంకో నక్షత్రాన్ని మార్చి మార్చి కొలుస్తూ పోల్చాలి. ఓపిక పని. ఫొటో తీసి స్టేటస్ పెట్టుకునే పని కాదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఈ చోటు మీదుగా వెళ్లింది. దేశ విదేశాల శాస్త్రవేత్తలు జాపాల్‌లో మకాం వేశారు. అంతా కలిపి రెండు నిమిషాల చీకటి. అదే మధ్యాహ్నం మా నాయనమ్మ తలుపులు బిగించి, పిల్లల్ని బయటికి అడుగు పెట్టనివ్వలేదని మా నాన్న ఇప్పటికీ చెప్తుంటాడు. ఒక పక్క ఆ రెండు నిమిషాల కోసం సముద్రాలు దాటి వచ్చినవాళ్లు, ఇంకో పక్క తలుపులేసుకున్న మా ఇల్లు.

యంత్రం కన్నా ముందు పోయేది

మొన్న డిసెంబర్‌లో ఒక శనివారం బైకేసుకుని సాగర్ రోడ్డు పట్టాను. ఔటర్ దాటితే ఆదిభట్ల ఐటీ, ఏరోస్పేస్ భవనాలు, ఆ తర్వాత వరసగా ఇంజనీరింగ్ కాలేజీలు, ఇబ్రహీంపట్నం. అక్కడి నుంచి మంచాల మీదుగా జాపాల్ వైపు. లోపలికి వెళ్లడానికి అనుమతి అడగలేదు. నేను చూడాలనుకుంది టెలిస్కోప్‌ని కాదు, దాని మీదున్న ఆకాశాన్ని.

చీకటి పడ్డాక చేల మధ్య రోడ్డు పక్కన బండి ఆపి కూర్చున్నా. నెత్తి మీద బాగానే ఉంది. పిల్లలకోడి చుక్కలు ఆరూ లెక్కపెట్టొచ్చు. కానీ హైదరాబాద్ వైపు తల తిప్పితే, అడుగునుంచి పసుపచ్చని పొగలాంటి వెలుగు పైకి పాకి ఉంది. 1968లో ఈ చోటు ఎంచుకున్నవాళ్లకి అటు కూడా చుక్కలే కనిపించి ఉంటాయి. బేగంపేట నుంచి 50 కిలోమీటర్లు పారిపోయి వచ్చినా నగరం వెంటపడి వచ్చేసింది. జాపాల్‌లో పరిశోధన తగ్గిపోవడానికి చెప్పే కారణాల్లో ఈ వెలుగే ముందుంటుంది.

మామూలు కంటికి ఆ వెలుగు పెద్ద విషయంలా అనిపించదు. కొలిచే పరికరానికి మాత్రం నక్షత్రం నుంచి వచ్చిన వెలుగు ఏదో, వీధి దీపం నుంచి పైకెళ్లి దుమ్ము మీద పడి తిరిగొచ్చిన వెలుగు ఏదో విడిగా తెలీదు. రెండూ కలిపి లెక్కేస్తుంది. నక్షత్రం వెలుగు నూటికి ఒక వంతు తగ్గిందా లేదా అని చూస్తున్నప్పుడు, ఆ తేడా ఆకాశపు మెరుపులో కలిసిపోతుంది. సంతలో నిలబడి గుసగుస వినాలనుకోవడమే.

మిగతా జబ్బులకి మందుంది. టెలిస్కోప్ అద్దం మీద వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు ఉండే అల్యూమినియం పూత ఉంటుంది. దుమ్ము, తేమ తగిలి అది మసకబారుతుంది. అప్పుడు అద్దాన్ని జాగ్రత్తగా దించి, పాత పూత కడిగి, గాలి తీసేసిన పెద్ద గదిలో పెట్టి కొత్త పూత వేస్తారు. వానాకాలంలో ఎలాగూ ఆకాశం కనపడదు కాబట్టి మన దేశంలో రిపేర్ల కాలం అదే. గేర్లకి గ్రీజు, గుమ్మటం చక్రాలు, కేబుళ్లు, ఎలకలు కొరికిన వైర్లు, అన్నీ అప్పుడే. భూమి తిరుగుడుకి తగ్గట్టు నక్షత్రాన్ని వెంబడించే మోటారు రోజుకి 24 గంటల లెక్కన కాకుండా 23 గంటల 56 నిమిషాల లెక్కన తిరగాలి. ఆ నాలుగు నిమిషాల తేడా వల్లే ఏ చుక్కైనా రోజూ నాలుగు నిమిషాలు ముందే ఉదయిస్తుంది. నెల తిరిగేసరికి రెండు గంటలు ముందు.

పాత యంత్రానికి పార్టు దొరక్కపోతే కొత్తది చేయించొచ్చు. పాత కంట్రోల్ ప్యానెల్ తీసేసి కొత్త సాఫ్ట్‌వేర్ రాయొచ్చు. అది నా బోటి వాళ్లు చేసే పనే. ఆ యంత్రం చప్పుడు విని జబ్బు చెప్పగలిగే మనిషి రిటైర్ అయ్యేలోపు ఇంకొకరికి నేర్పితే ఆ విద్య కూడా మిగులుతుంది. చీకటిని మాత్రం ఏ వర్క్‌షాపూ తయారుచేసి ఇవ్వలేదు. హాన్లే వాళ్లు ఇది గ్రహించారు. 2022లో అక్కడి చుట్టుపక్కల ప్రాంతాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించి, ఊళ్లలో దీపాలకి మూతలు పెట్టించారు. దీపాలు తీసెయ్యలేదు, వెలుగు కిందికి పడేలా చేశారు. అంతే తేడా.

మా తోటలో అగస్త్యుడు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తోటలో నిలబడి చూశాను. ఉత్తరాన మైలవరం వైపు ధ్రువ నక్షత్రం, నేలకి సుమారు 17 డిగ్రీల ఎత్తులో. అంటే చెయ్యి చాచి పిడికిలి బిగించి ఒకదాని మీద ఒకటి పెడితే రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ. మీ ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడి ఎత్తూ అంతే, మీరూ కొలిచి చూడండి. దక్షిణాన అగస్త్య నక్షత్రం, రెండు పిడికిళ్ల ఎత్తులో. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంత వెలిగే చుక్క అదే. దాని కింద మాత్రం విజయవాడ, ఇబ్రహీంపట్నం వెలుగులు. అగస్త్యుడు కనిపిస్తున్నాడు, ఆయన చుట్టుపక్కల వాళ్లు లేరు.

పెదనాన్న షెడ్డు మీద కొత్తగా పెద్ద ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ పెట్టించాడు. కాపు మొదలైతే దొంగల భయం, అదీ నిజమే. ఆ లైటు సగం తోట మీద, సగం ఆకాశం మీద పడుతోంది.

"ఏరా, చలిలో ఏం చూస్తున్నావు?" అంటూ వచ్చాడు.

జాపాల్ సంగతి చెప్పాను. స్ప్రేయర్ నోటుబుక్కుతో పోల్చి చెప్పేసరికి వెంటనే పట్టుకున్నాడు. "అయితే ఆకాశం కూడా అందరి సామానేనంటావు. వాడుకున్నాక కడిగిపెట్టాలి," అన్నాడు.

"కడగక్కర్లేదు పెదనాన్నా. పాడుచెయ్యకపోతే చాలు."

మర్నాడు పొద్దున నిచ్చెన వేసి లైటు బిగింపు నట్లు వదులు చేయించాడు. మొహం కిందికి తిప్పించి, పైన పాత నూనె డబ్బా రేకు కత్తిరించి మూతలా బిగించాడు. ఆ రాత్రి చూస్తే చెట్ల కింద వెలుగు ఇంకాస్త పెరిగింది.

"కాయలు కిందున్నాయి, దొంగా కిందే నడుస్తాడు," అన్నాడు నిచ్చెన మడుస్తూ. "ఇన్నాళ్లూ పైకెందుకు వేశాన్రా కరెంటు బిల్లు?"